బాంబులు పడిన ఏడాది విశాఖ తీరంలో ఏం జరిగింది

మీరు అడిగింది ఇది: "మాది విశాఖ ప్రాంతం. 1942లో బాంబులు పడినప్పుడు పిల్లాపాపలతో ఊరు వదిలామని మా తాతగారు చెప్పేవారు. ఆయన అన్నగారు అంతకుముందే రంగం వెళ్ళి మళ్ళీ రాలేదు. మా వంశంలోనే ఒకాయన ఆ ఏడాది జైలుకు వెళ్ళారు. ఇంకొకాయన యుద్ధాన్ని సమర్థించారని ఊరు ఆయన్ను వెలివేసినంత పని చేసిందట. ఎక్కడో యూరప్‌లో మొదలైన యుద్ధం మా ఇంటిని ఇన్ని ముక్కలు ఎందుకు చేసింది? తిరిగి రాని ఆ పెద్దతాతగారి గురించి ఇప్పుడు ఏమైనా తెలుసుకోవచ్చా?"

ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పాను. సెలవులు వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా తీరం వెంబడి తిరిగి, ఆ రోజులు చూసిన పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మీ ఇంటి కథ లాంటివి నా నోటుపుస్తకాల్లో చాలా ఉన్నాయి. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు దారులు పట్టడం ఆ తీరంలో వింత కాదు. అందుకే తొందరపడకుండా, మొదటి నుంచీ చెబుతాను.

బాంబులతో మొదలుపెడితే సగం కథే అర్థమవుతుంది. రంగంతో మొదలుపెట్టాలి. మనవాళ్ళు రంగూన్‌ను రంగం అనేవారు, ఒక్కోసారి మొత్తం బర్మానే రంగం అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం ఉండేది కాదు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ముందే కొంత సొమ్ము ఇచ్చి మనుషులను కుదుర్చుకునేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చేతిలోనే. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమరు ఎక్కి, డెక్కు మీద ఎండకూ వానకూ ఓర్చుకుంటూ వెళ్ళేవారు. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడం, ఓడల్లో సరుకు ఎక్కించడం దించడం, రిక్షా లాగడం, వీధులూ మరుగుదొడ్లూ శుభ్రం చేయడం వాళ్ళ పని. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైనే. రంగూన్ నగరంలో సగానికి మించి మనదేశం వాళ్ళే. ఉత్తరాంధ్రలో ఎన్నో ఇళ్ళకు పంట కంటే నమ్మకమైన ఆదాయం రంగం నుంచి వచ్చే మనియార్డరు. అందుచేత యుద్ధం వీళ్ళకు దూరం కానే కాదు. ఇంట్లో ఒకరి కూడు అక్కడే ఉంది.

ఆ కూడు అంతకుముందే ఒకసారి రక్తసిక్తమైంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేస్తే యాజమాన్యాలు బర్మావాళ్ళను పనిలోకి తెచ్చాయి. సమ్మె తెగగానే వాళ్ళను పొమ్మన్నాయి. అక్కడ రాజుకున్న గొడవలో ఎందరో తెలుగువాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పదకొండేళ్ళ తరువాత జపాను సేన వచ్చేసరికి, ఈ నేల తమను కాపాడదని మన కూలీలకు ముందే తెలుసు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో పని చేస్తున్నవాళ్ళు, ఆకాశంలో విమానాలను వింతగా చూస్తూ వీధిలో నిలబడ్డవాళ్ళు పెద్ద సంఖ్యలో చనిపోయారు. క్రిస్మస్ రోజున మళ్ళీ దాడి. కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరాన ప్రోం దారి పట్టారు. ఓడల్లో సరుకు దించేవాళ్ళు లేరు, ఊరు ఊడ్చేవాళ్ళు లేరు అని అధికారులు వాళ్ళను దారిలో ఆపి, నచ్చజెప్పి, వెనక్కి పంపారు. ఈ సంగతి నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది. బతుకు జీవుడా అని బయటపడ్డవాణ్ణి పాకీపని ఆగిపోయిందని మళ్ళీ బాంబుల కిందికి పంపారు. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది. అప్పటికే సముద్రం మీద దారి మూసుకుపోయింది. ఓడ టికెట్టు దొరికింది డబ్బున్నవాళ్ళకు, పలుకుబడి ఉన్నవాళ్ళకు. మిగిలినవాళ్ళకు కాళ్ళే దిక్కు.

ఆ నడక ప్రధానంగా మూడు దారుల్లో సాగింది. ప్రోం నుంచి టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగుకు ఒకటి. తమూ మీదుగా ఇంఫాల్‌కు, అక్కడి నుంచి దిమాపూర్ రైలుస్టేషనుకు మరొకటి. అన్నిటికంటే ఘోరమైనది హుకాంగ్ లోయ అడవుల గుండా అస్సాంలోని లేడోకు. నాలుగైదు లక్షల మంది నడిచారని అంచనా. దారిలో కలరా, మలేరియా, ఆకలి, తరువాత వానలు. వేలల్లో చనిపోయారు. తెల్లవాళ్ళకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అని విడివిడిగా పంపారన్న ఆరోపణ అప్పుడే దేశమంతా వినిపించింది. కాంగ్రెసు ఆ విషయం మీద గట్టిగా మాట్లాడింది.

భీమిలి దగ్గరి ఒక పల్లెలో ఒక ముసలావిడ నాకు ఒక ఇత్తడి చెంబు చూపించారు. ఆమె నాన్నగారు ఇంటికి తెచ్చిన వస్తువు అదొక్కటే. బయలుదేరేటప్పుడు ఇద్దరు తమ్ముళ్ళు, ఒక టేకు పెట్టె, ఆరేళ్ళ సంపాదన వెంట ఉన్నాయట. చెంబు ఎందుకు పారేయలేదని అడిగితే, "నీళ్ళు ముంచుకోవాలి కదా బాబూ" అన్నారు. తమ్ముళ్ళ గురించి ఆయన బతికినంత కాలం నోరు విప్పలేదట. అడుగున సొట్ట పడిన ఆ చెంబును ఆమె ఇంకా బియ్యం కొలవడానికి వాడుతున్నారు.

ఇక మీ తాతగారు చెప్పిన బాంబుల సంగతి. 1942 ఏప్రిల్ 5న జపాను నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. మరుసటి రోజు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమానవాహక నౌక ఉన్న మరో దళం బంగాళాఖాతంలో సరుకు ఓడల మీద పడింది. ఆ కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. అదే రోజు విశాఖ మీద, కాకినాడ మీద విమానాలు బాంబులు వేశాయి. విశాఖలో గురి ఓడరేవు ప్రాంతం. అది తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా కాలేదు. సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాది తిరగలేదు. చనిపోయినవాళ్ళు కొద్దిమందే. కానీ ఊరు ఖాళీ అయింది. రైళ్ళలో కాలు పెట్టే చోటు లేదు. ఎడ్లబండి బాడుగ నోటికి వచ్చినంత. ఎక్కడ చుట్టం ఉంటే అక్కడికి, లోపలి పల్లెలకు, కట్టుబట్టలతో పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరుకు తరలింది.

మీ తాతగారి తరం ఆ భయాన్ని ఎప్పుడు తలుచుకున్నా ఒక సంగతి చెప్పేది, అది మీరు గమనించాలి. జనం కంటే ముందు సర్కారు భయపడింది. మద్రాసులో ఏప్రిల్ రెండో వారంలో ప్రభుత్వ కార్యాలయాలనే లోపలి జిల్లాలకు తరలించారు. బాంబులు పడితే తప్పించుకుంటాయని జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపించారు. "రవి అస్తమించని సామ్రాజ్యం" అని బడిలో పాఠం చదివినవాళ్ళు, ఆ సామ్రాజ్యం మూట కట్టుకోవడం కళ్ళారా చూశారు. నాలుగు నెలల తరువాత వచ్చిన క్విట్ ఇండియాకు మన తీరంలో అంత ఊపు రావడానికి ఇది ఒక పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. జైలుకు వెళ్ళిన మీ బంధువు విషయం ఇక్కడ మొదలవుతుంది.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో, మనదేశంలో ఒక్క నాయకుడినీ అడగకుండా, భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా ఆ ఏడాది అక్టోబరు చివర్లో మద్రాసులో రాజాజీ కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. మరోవైపు జమీందార్లలో చాలామంది, కాంగ్రెసుకు పోటీగా ఉన్న జస్టిస్ పార్టీవాళ్ళు యుద్ధానికి అండగా నిలిచారు. యుద్ధనిధి వసూళ్ళు పల్లెల దాకా వచ్చాయి. అప్పట్లో కమ్యూనిస్టులు కూడా ఇది సామ్రాజ్యవాద యుద్ధం, దీనికి ఒక్క పైసా ఇవ్వకండి అని ప్రచారం చేసి జైళ్ళకు వెళ్ళారు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ రష్యా మీద పడ్డాడు. కొన్ని నెలల్లో పార్టీ మాట మారింది. ఇప్పుడు ఇది ప్రజాయుద్ధం, ఫాసిజాన్ని ఓడించడం ముందు పని అన్నారు. 1942 జూలైలో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. ఆగస్టు 8న కాంగ్రెసు క్విట్ ఇండియా తీర్మానం చేసింది. తెల్లవారేసరికి నాయకుల అరెస్టులు మొదలయ్యాయి. పట్టాభి సీతారామయ్యను నెహ్రూతో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. ప్రకాశం పంతులు 1945 దాకా జైల్లో ఉన్నారు.

జరిగిన క్రమం చూడండి. కొద్ది వారాల తేడాలో, ఒకే జైలు గుమ్మంలో, కమ్యూనిస్టులు బయటికి వస్తున్నారు, కాంగ్రెసువాళ్ళు లోపలికి వెళ్తున్నారు. రెండేళ్ళ కిందటి దాకా వీళ్ళలో చాలామంది కాంగ్రెసు సోషలిస్టు పార్టీలో ఒకే కంచంలో తిన్నవాళ్ళు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఇద్దరూ ఒకే ఊరి పిల్లలు, తరచు ఒకే కులం, ఒకే ఇల్లు. పరాయివాడితో తగవైతే చల్లారేది, ఇది అన్నదమ్ముల తగవు కాబట్టి చల్లారలేదు. ఆగస్టు 12న తెనాలిలో జనం రైలుస్టేషను తగలబెట్టారు. పోలీసులు కాల్చిన కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఇప్పటికీ అక్కడ రణరంగ చౌక్‌లో వాళ్ళ స్మారకం ఉంది. ఆ శవాలు లేచిన వారంలో, ఇప్పుడు పోరాటం వద్దు, ముందు జపానును ఎదిరిద్దాం అని చెప్పినవాడికి ఊరు ఏ పేరు పెట్టి ఉంటుందో మీరే ఊహించండి. ద్రోహి అన్న మాట మీ ఇంటి పెద్దాయన మీద పడింది అప్పుడే అయి ఉంటుంది.

నా అభిప్రాయం కూడా చెప్పాలి. జపాను వస్తే మనకు విముక్తి అన్న భ్రమ కొందరిలో ఉన్న మాట నిజం. ఆ భ్రమ ఎంత ప్రమాదమో కమ్యూనిస్టులు సరిగ్గానే చూశారు. మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల్లోని తెలుగు, తమిళ కూలీలను జపాను సైన్యం సయాం (ఇప్పటి థాయిలాండ్)–బర్మా రైలుమార్గం పనికి పట్టుకుపోయి పిట్టల్లా రాల్చింది. కానీ తలుపు దగ్గర శవం ఉన్న ఇంటికి వెళ్ళి ప్రపంచ రాజకీయం చెప్పకూడదు. వాళ్ళ లెక్క తప్పు కాదు, వేళ తప్పు. ఆ తప్పుకు వాళ్ళు చాలా ఏళ్ళు మూల్యం చెల్లించారు. అదే సమయంలో వాళ్ళు చేసిన పనిని చెరిపేయడం అన్యాయం. దాచిన ధాన్యం బయటపెట్టించడం, సరుకులు అందరికీ అందేలా చూడటం, బుర్రకథ దళాలతో ఊరూరా తిరగడం, ఇవన్నీ ఆ రోజుల్లో చేసింది వాళ్ళే. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి, నాజర్ బుర్రకథ, ఈ వేడిలో పుట్టినవే.

ధాన్యం మాట వచ్చింది కాబట్టి, పార్టీలతో పని లేని ఆడవాళ్ళు యుద్ధాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారో చెప్పాలి. వాళ్ళను అడిగితే హిట్లర్ పేరు రాదు, "కంట్రోలు" అన్న మాట వస్తుంది, అంటే సర్కారు ధర కట్టి కొలిచి ఇచ్చే రేషను. కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ, కంట్రోలు కిరసనాయిలు. బర్మా నుంచి ఏటా 10 లక్షల టన్నులకు పైగా వచ్చే బియ్యం ఒక్కసారిగా ఆగిపోయింది. మద్రాసు రాష్ట్రంలో లోటు ఉన్న జిల్లాలకు గోదావరి, కృష్ణా డెల్టాల ధాన్యమే దిక్కు. సర్కారు సేకరణకు దిగింది. బ్లాక్ మార్కెట్ అన్న మాట అప్పుడే పల్లెలోకి వచ్చి స్థిరపడింది. వెండి రూపాయిలో 1940 నుంచి వెండి సగానికి తగ్గింది. 1943లో లోహం ఆదా కోసం మధ్యలో బెజ్జం పెట్టిన కాణీ వచ్చింది. మన నోట్లో ఇప్పటికీ ఆడే "చిల్లుకాణీ" అదే. పిల్లలు వాటిని మొలతాడుకు గుచ్చుకునేవారని ఒకావిడ నాకు చెప్పారు. తెలంగాణలో నిజాం సర్కారు లెవీ పేరుతో ధాన్యం లాక్కోవడం రైతుల కడుపు మంటకు ఆజ్యం పోసింది. 1946లో అక్కడ లేచిన సాయుధ పోరాటానికి ఉన్న కారణాల్లో ఈ యుద్ధకాలపు లెవీ ఒకటి.

సైన్యంలో చేరినవాళ్ళ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మీరు అడగలేదు. కానీ తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం పేరు చెప్పకపోతే చిత్రం పూర్తి కాదు. ఆ ఊరి నుంచి మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్ళారని ఊరి లెక్క. మిలటరీ మాధవరం అని పేరే పడిపోయింది. తాడేపల్లిగూడెంలోనే యుద్ధం కోసం వేసిన విమానాల రన్‌వే ఉంది. అంటే ఒక ఊళ్ళో కొడుకును యుద్ధానికి పంపిన తల్లి, కొన్ని మైళ్ళ దూరంలో యుద్ధం వద్దన్నందుకు జైలుకు వెళ్ళిన కొడుకు తల్లి. ఇద్దరూ ఒకే సంతలో కూరలు కొన్నారు.

1945 తరువాత తగవులు ఆడినవాళ్ళందరికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి మిగిలింది. కాంగ్రెసువాళ్ళకు జైలు సర్టిఫికెట్టు, తరువాత పింఛను, తామ్రపత్రం వచ్చాయి. కమ్యూనిస్టు నాయకులు ఆత్మకథలు రాశారు, వాదనకు వాదన చెప్పారు. సైనికులకు పతకాలు ఉన్నాయి. విశాఖ మ్యూజియంలో ఆనాటి పేలని బాంబును కూడా భద్రంగా పెట్టారు. రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళకు, నడవలేక ఆగిపోయినవాళ్ళకు మాత్రం నేను తిరిగిన ఊళ్ళలో ఒక్క రాయి కూడా కనిపించలేదు. వాళ్ళు ఏ పక్షమూ కాదు. చదువు లేదు, పార్టీ లేదు. అందుకే వాళ్ళ తరఫున ఎవరూ వాదించలేదు. మీ ఇంట్లో జైలుకు వెళ్ళినాయన కథ, ద్రోహి అనిపించుకున్నాయన కథ ఇంత వివరంగా మీ దాకా వచ్చి, పెద్దతాతగారిది "రంగం వెళ్ళి రాలేదు" అన్న ఒక్క ముక్కగా మిగిలిపోవడానికి కారణం అదే.

ఇప్పుడు ఆయన సంగతి. నాలుగు అవకాశాలు ఉన్నాయి. రంగూన్ దాడుల్లో పోయి ఉండవచ్చు. దారిలో పోయి ఉండవచ్చు. జపాను పాలనలో అక్కడే ఉండిపోయి ఉండవచ్చు, అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని సంసారం పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. లేదా ఆయన పిల్లలు 1960లలో, బర్మాలో నే విన్ సైనిక ప్రభుత్వం భారతీయుల దుకాణాలూ ఆస్తులూ స్వాధీనం చేసుకున్నప్పుడు, శరణార్థులుగా వచ్చి ఉండవచ్చు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ రెండో వలస నాటిది. 1942 వాళ్ళది అనుకుని చాలామంది పొరబడతారు. అక్కడి పెద్దవాళ్ళను మీ ఊరి పేరు, ఇంటి పేరు చెప్పి అడగండి. రంగంలో ఒక ఊరివాళ్ళు ఒక మేస్త్రీ కింద, ఒకే బస్తీలో ఉండేవారు. కాబట్టి ఊరి పేరే మంచి ఆధారం.

ఇంట్లో పాత పెట్టెలు వెతకండి. మనియార్డరు రసీదు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, ఆయన రంగూన్‌లో ఏ పేటలో ఉండేవారో దాన్నిబట్టి తెలుస్తుంది. చివరి రసీదు మీద రంగూన్ ముద్ర తేదీ 1941 డిసెంబరు 23కు ముందా తరువాతా అన్నది చూడండి. తరువాతిది అయితే మొదటి దాడిలో బతికారన్నమాట. మేస్త్రీ దగ్గర తీసుకున్న సొమ్ముకు రాసిన ప్రామిసరీ నోటు ఉంటే అందులో మేస్త్రీ పేరు, ఊరు ఉంటాయి. మేస్త్రీల కుటుంబాల్లో పాత లెక్కల పుస్తకాలు ఇంకా కొన్ని ఉన్నాయి, నేను రెండు చూశాను.

చివరగా, మీ ఇంట్లో ఆడవాళ్ళను ఒక మాట అడగండి. ఆయనకు తద్దినం ఏ రోజున పెట్టేవారు? పోయిన తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య నాడు పెట్టడం మన ఆచారం. నేను తిరిగిన కొన్ని ఇళ్ళలో పన్నెండేళ్ళు ఎదురుచూసి, అప్పుడు గానీ భార్య బొట్టు తీయలేదు. మీ ఇంట్లో అమావాస్య నాడు పెడుతున్నట్టయితే ఎవరికీ కబురు అందలేదని అర్థం. వేరే ఏదైనా తిథి చెబితే, ఆ దారిలో ఆయన పక్కన నడిచి ఇంటికి చేరిన మనిషి ఒకడు ఉన్నాడు, ఆ కబురు మోసుకొచ్చాడు. ఆ మనిషి ఏ ఊరివాడో కనుక్కోండి. ఆయన మనవలు ఎక్కడో ఉండే ఉంటారు.